మెడ బెల్టు సంరక్షణ – 3వ పాఠం: ఆరిందా, ఆరినట్టు కనబడుతోందా?

ఈసారి వెల్క్రో గురించి చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చూసి బెల్టు ఉతికినవాళ్లు చాలామంది ఒకటే మాట చెప్పారు: "ఉతికినంక వాసన ఇంకా ఎక్కువైంది." ఒకామెకైతే గడ్డం కింద ఎర్రగా దద్దుర్లు లేచాయి. తప్పులో సగం నాదే. బట్టలారేయడం ఎవరికి రాదులే అనుకొని, "ఉతికి ఆరబెట్టండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను.

ముందు ఇంకో సంగతి. ఈ పాఠాలు మెత్తటి స్పాంజి బెల్టు వాళ్లకు, అంటే మెడనొప్పికో స్పాండిలైటిస్‌కో పెట్టుకొని, డాక్టరు తీయొచ్చన్న వేళకు తీసేవాళ్లకు. ఎముక విరిగినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు వేసుకునే గట్టి ప్లాస్టిక్ కాలర్ సంగతి వేరు. కరీంనగర్ ఆయనొకరు అలాంటి కాలర్‌ని అద్దం ముందు కూర్చొని తానే విప్పి తుడుచుకున్నారట. వినగానే నాకు చెమటలు పట్టాయి. మామూలుగా దాన్ని మార్చాలంటే మనిషి వెల్లకిలా పడుకోవాలి, ఒకరు తల కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు విప్పాలి. ఆ ఇద్దరూ మీ డాక్టరు దగ్గరే చూసి నేర్చుకోవాలి. నా పాఠం చదివి కాదు.

ఇక వాసన సంగతి. బెల్టు పైన కాటన్ గుడ్డ, లోపల స్పాంజి. గుడ్డ గంటా రెండు గంటల్లో ఆరిపోతుంది. చెయ్యి పెడితే పొడిగా తగులుతుంది. లోపలి స్పాంజి మాత్రం తడిగానే ఉంటుంది. దాన్ని ఒంటి వేడి మీద పెట్టుకుంటే సూక్ష్మజీవులకు పండగే. వాసన అందుకే. చర్మం నాని ఎర్రబడటానికి కూడా చాలాసార్లు అదే కారణం.

పత్తి అమ్మినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పైకి తెల్లగా, పొడిగా ఉన్న పత్తిలో కూడా మీటరు పెడితే తేమ తేలుతుంది. 12 శాతం దాటితే సీసీఐ (పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) వాళ్లు కొనరు. అక్కడ చేత్తో పట్టి చూసి "ఆరింది సార్" అంటే ఎవరైనా వింటారా? మరి మన మెడకు కట్టుకునేదాన్ని మాత్రం చేత్తో తడిమి ఎందుకు నమ్ముతున్నాం?

నా పద్ధతి తూకం. వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ కాంటా చాలు. ఉతకకముందే, పొడిగా ఉన్నప్పుడు బెల్టును తూచి ఆ అంకె గోడ క్యాలెండర్ మీద రాయండి. నాది 84 గ్రాములు. మొన్న ఉతికి, తువాలలో చుట్టి ఒత్తాక 131. సాయంత్రానికి "ఆరిపోయింది, పెట్టుకో" అంది మా ఆవిడ. తూచితే 97. అంటే ఇంకా 13 గ్రాముల నీళ్లు, చిన్న చెంచాతో రెండున్నర చెంచాలు, లోపలే ఉన్నాయి. 86కి దిగాకే కట్టుకున్నాను. వానకాలంలో గుడ్డ గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి ఒకటి రెండు గ్రాములు ఎక్కువున్నా పట్టించుకోను. కాంటా లేకపోతే, మడిచిన పొడి తువాల మీద బెల్టు పెట్టి రెండు అరచేతులతో గట్టిగా ఒత్తి నిమిషం ఉంచండి. తువాల చల్లగా తగిలినా సరే, ఆరనట్టే.

దండేనికి మాత్రం వేలాడదీయకండి. నీళ్లన్నీ కింది అంచుకు దిగి అక్కడే నిలుస్తాయి. నులక మంచం ఉంటే దానికి మించింది లేదు: నీడలో వేసి, బెల్టును పరిచి, అరగంటకోసారి తిరగేస్తే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. మంచం లేకపోతే గిన్నెలు బోర్లించే స్టాండు, పైన ఫ్యాన్. మెలిపెట్టి పిండితే స్పాంజి చిరుగుతుంది. మన ఎండలు చూసి "డాబా మీద పడేస్తే పది నిమిషాల పని" అంటారు. రోజూ ఎండలో వేస్తే స్పాంజి పచ్చబడి, కొన్నాళ్లకు పొడిపొడిగా రాలుతుంది. నా మొదటి బెల్టు అలాగే పోయింది.

దద్దుర్లు లేచినామె ఇంట్లో బోరు నీళ్లు. ఆ నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, తెల్లటి తెట్టులా మిగిలిపోతుంది. ఆఖరి రెండు జాలింపులకైనా నల్లా నీళ్లు వాడండి. కుంకుడు రసం వద్దు, స్పాంజిలో ఉండిపోతుంది. ఎర్రదనం తగ్గకపోయినా, చర్మం చిట్లినా బెల్టును కాదు, డాక్టరును చూడండి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల దగ్గర పనిచేసే తమ్ముడొకడు ఉతికినా మెడ మండుతోందన్నాడు. మిరప ఘాటు వట్టి నీళ్లకు పోదు. ముందు పొడి బ్రష్‌తో దులిపి, తర్వాత సబ్బు నీళ్లలో రెండుసార్లు ముంచి ఒత్తాలి. దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో నాయనా.

వెల్క్రోకు ఈ వారం ఒక్క మాట: ఉతికేముందు మూసెయ్యండి. లేకపోతే గరుకు వైపు మీ గుడ్డనే పీకుతుంది.

అభ్యాసం: బెల్టు మీద వెంటనే ప్రయోగం వద్దు. పరుపులు కుట్టే షాపులో బెల్టంత మందమున్న స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. తూచి, తడిపి, ఒత్తి, పాత బనియన్ గుడ్డలో చుట్టి ఆరబెట్టండి. పొద్దున్నుంచి గంటగంటకూ తూచి రాసుకోండి, తొలి తూకానికి వచ్చేదాకా. చేతికి పొడిగా తగిలిన గంట పక్కన ఒక గీత పెట్టండి. ఒకసారి ఫ్యాన్ కింద, మర్నాడు ఫ్యాన్ లేకుండా. ఓపిక కావాలి, నిజమే. ఆ కాగితం పారేయకండి, నాలుగో పాఠంలో రెండో బెల్టు కొనాలా వద్దా అన్నది దాన్ని చూసే లెక్కేద్దాం.