రేవులో బోటు మొరాయిస్తే

ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ చెరువులా నిలబడి ఉంటుంది. అందుకే మన బెజవాడలో బోటు నడపడం తేలికే, కారు వెనక ట్రాలీ మీంచి నీళ్లలోకి దింపడమే తంటా. అదీ ఆదివారం పొద్దున, వెనకవాళ్లు హారన్ మోగిస్తుంటే.

సమస్య: రివర్స్‌లో ట్రాలీ ఎటో పోతోంది
స్టీరింగ్ పైభాగం పట్టుకుని తిప్పుతున్నారు. చెయ్యి అడుగున పెట్టండి. ట్రాలీ ఎటు పోవాలో చెయ్యి అటే జరపండి. మరీ మెలిక పడితే ముందుకి లాగి మళ్లీ మొదలుపెట్టడమే.

సమస్య: బోటు ట్రాలీ మీంచి కదలదు
ఓసారి నలుగురం ఒళ్లు హూనమయ్యేలా తోశాం. చక్రాలు మునిగాయి, బోటు మాత్రం బిగుసుకుని కూర్చుంది. మరమరాలమ్మే కుర్రాడు చూసి, "బాబాయ్, వెనక బెల్టు తియ్యలేదు" అన్నాడు. వెనక బెల్టు రేవు వాలులోకి దిగకముందే తీసేయాలి. బోటు ముందువైపు కొక్కెం మాత్రం అమరం, అంటే బోటు వెనక భాగం, తేలేదాకా తియ్యకూడదు. ముందే తీస్తే బోటు జారి సిమెంటు మీద పడుతుంది. బెల్టు తీసినా కదలకపోతే ట్రాలీ ఇంకో మూర లోపలికి పోవాలి.

సమస్య: దింపగానే లోపలికి నీళ్లు
బోటులో చేరిన నీళ్లు బయటికి వదిలే రంధ్రానికి బిరడా పెట్టలేదు, ఇంకేముంది! నేను బిరడాని ఇంజిన్ తాళానికే కట్టుకుంటాను.

సమస్య: కారు టైర్లు జారుతున్నాయి
నీటిమట్టం తగ్గినప్పుడు బయటపడే వాలు మీద పాచి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా నునుపెక్కుతుంది. టైర్ల కింద తడిపిన గోనెసంచులు పరిచి, రెండో గేరులో నెమ్మదిగా లాగండి.

సమస్య: ఇంజిన్ వేడెక్కుతోంది
ఇంజిన్ వెనక చిన్న రంధ్రంలోంచి సన్నటి నీటిధార పడుతుండాలి. అది ఆగిందంటే చల్లబరిచే నీళ్లు లోపలికి పోవడం లేదు. రేవు మూలల్లో చేరే గుర్రపుడెక్క, కవర్లు ఇంజిన్ నీళ్లు పీల్చుకునే జల్లెడకి అతుక్కుంటాయి. ఇంజిన్ ఆపి, తాళం తీసి, పైకెత్తి చేత్తో పీకండి. జల్లెడ శుభ్రంగా ఉన్నా ధార రాకపోతే ఆ రంధ్రంలో సన్నటి తీగ పెట్టి చూడండి. అప్పటికీ రాలేదా, పంపు లోపలి రబ్బరు రెక్కలు పోయుంటాయి. ఆరోజుకి ఇంటికి పోండి.

సమస్య: బోటు దానంతటదే బ్యారేజీ వైపు కొట్టుకుపోతోంది
గేట్లెత్తారన్నమాట. ఆరోజు దింపొద్దు. ఇప్పటికే రేవులో ఉంటే ముందూ వెనకా మోకులు కట్టండి, వీలైతే ఒడ్డెక్కించండి. 2024 సెప్టెంబరు వరదలో, 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహంలో, కొట్టుకొచ్చిన పడవలే బ్యారేజీ గేట్లకి గుద్దుకుని కౌంటర్ వెయిట్లు, అంటే గేట్లు లేపడానికి తోడ్పడే బరువు దిమ్మెలు, పగలగొట్టాయి.