సిలిండర్ ఓవెన్‌ను పైపు గ్యాస్‌కు మార్చుకున్నాం: నా అనుభవం

నల్లగొండలో మా ఇంటికి పైపు గ్యాస్ వచ్చింది. పైనున్న పొయ్యిల జెట్లు (గ్యాస్ బయటికొచ్చే సన్నని రంధ్రమున్న ముక్కలు) అప్పుడే మార్చారు, జొన్నరొట్టెలు మంచిగ కాలుతున్నయి. కింది ఓవెన్‌తోనే తిప్పలు. మంట బొటాబొటిగా వచ్చేది. సిమ్‌లో పెట్టి తలుపు మూస్తే ఆ గాలికే ఆరిపోయేది. మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది, అదే నా భయం.

ఓవెన్ జెట్ పాతదే ఉండిపోయింది. సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. పైపులో వచ్చేది ఎక్కువగా మీథేన్. అంతే ఘనపరిమాణం గ్యాస్‌కు మీథేన్ వేడి సగం కూడా ఇవ్వదు, ప్రెషర్ కూడా తక్కువ. అందుకే జెట్ రంధ్రం పెద్దది కావాలి. పాతదాన్నే డ్రిల్ చేస్తామంటే ఒప్పుకోకండి. వెంట్రుకంత తేడా వచ్చినా మంట మారిపోతుంది. మా మోడల్‌కు సరిపోయే జెట్ తెప్పించి, తెలిసిన మెకానిక్ అన్నతోనే వేయించాను.

నాబ్ పీకితే లోపల చిన్న ఇత్తడి స్క్రూ కనిపిస్తుంది. దాన్ని కొద్దిగా వదులు చేశాక సిమ్ మంట నిలబడింది. తర్వాత మెకానిక్ అన్న గ్యాస్‌లో కలిసే గాలి సర్దాడు: కొనలు పసుపైతే గాలి తక్కువ, మంట బర్నర్ వదిలి ఎగిరితే ఎక్కువ.

చివరికి జాయింట్లన్నిటికీ సబ్బునురగ పూసి చూశాం, ఒక్క బుడగ రాలేదు. పాత జెట్లు దాచిపెట్టాను. మళ్లీ సిలిండర్ పెడితే అవే వేయాలి, లేకుంటే మంట భగ్గుమంటుంది.