గీత సరిగ్గా రావట్లేదా? పెద్ద స్క్రీన్ ఫోన్లు, పెన్నులు: సమస్యలు, పరిష్కారాలు

బొమ్మలు వేసుకోవడానికి పెద్ద ఫోన్ కొన్నవాళ్ళ ఫిర్యాదులు చాలావరకు ఒకేలా ఉంటాయి. గీత వంకరగా వస్తోంది, నొక్కినా లావు అవ్వట్లేదు, చెయ్యి ఆనిస్తే చాలు బొమ్మంతా చెడుతోంది. ఇందులో చాలావాటికి ఫోన్ పాడవడం కారణం కాదు. పెన్ను రకమో, వెనకేసిన పౌచో, యాప్‌లో ఒక సెట్టింగో అయ్యుంటుంది. కొన్నింటికి మాత్రం ఏ సెట్టింగూ పనిచేయదు, కొనేటప్పుడే వేరే ఫోన్ తీసుకోవాల్సింది. అందుకే ఇంకా కొననివాళ్ళు కూడా ఇది చదవండి.

ముందు ఒక పరీక్ష. పెన్నును స్క్రీన్‌కి తగలనీయకుండా, ఒక అర సెంటీమీటరు ఎత్తులో పట్టుకుని అటూ ఇటూ కదపండి. స్క్రీన్ మీద చిన్న చుక్క కనిపించి పెన్నుతో పాటు కదిలితే, ఆ ఫోన్ పెన్నును పెన్నుగానే గుర్తుపడుతోందన్నమాట. చుక్క రాకపోతే, ఎస్ పెన్ (శాంసంగ్ వాళ్ళ సొంత పెన్ను) ఉన్న ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పాయింటర్ చూపించే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉన్నా రాకపోతే ఆ ఫోన్ దృష్టిలో మీ పెన్ను కూడా ఒక వేలే. కింద చెప్పేదంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

ఎంత నొక్కినా గీత ఒకే మందంలో వస్తోంది

అందరికంటే ఎక్కువ బాధపడేది దీనికే. బాపు గీత చూస్తూ పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, లావు సన్నాల్లోనే బొమ్మకి ప్రాణం వస్తుంది, అవి పోతే వైరు వంచి అతికించినట్టు ఉంటుంది.

కారణం ఎక్కువగా పెన్ను టెక్నాలజీయే. ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకి దొరికే రబ్బరు ముక్కు పెన్నులు, చివర పారదర్శకంగా గుండ్రటి బిళ్ళ ఉండేవి, ఇవన్నీ కెపాసిటివ్ రకం. వేలు తగిలితే స్క్రీన్ మీద విద్యుత్తులో వచ్చే మార్పునే ఇవీ తెస్తాయి, అంతకుమించి ఏమీ పంపవు. ఎంత గట్టిగా నొక్కారో ఫోన్‌కి తెలిసే దారే లేదు. ఛార్జింగ్ పెట్టుకునే, సన్నటి ముక్కున్న 'యూనివర్సల్' పెన్నులు కూడా ఫోన్ మీద ఇంతే. వాటిలో చాలావరకు ఐప్యాడ్ కోసం చేసినవి, బాక్సు మీద రాసిన అరచేతి రక్షణ కూడా ఐప్యాడ్‌కే వర్తిస్తుంది.

శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరసలోని పెద్ద ఫోన్లు, అంటే అల్ట్రాల్లో వచ్చే ఎస్ పెన్ సంగతి వేరు. డిస్‌ప్లే కింద ఒక పలచటి పొర ఉంటుంది, అది అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే పెన్నులో ఉన్న చిన్న తీగచుట్ట దానికి స్పందిస్తుంది. గీయడానికి పెన్నుకి కావలసిన శక్తి కూడా ఆ క్షేత్రం నుంచే వస్తుంది కాబట్టి బ్యాటరీ అక్కర్లేదు. దీన్ని ఈఎంఆర్ అంటారు, వాకమ్ కంపెనీ టెక్నాలజీ, 2011లో 5.3 అంగుళాల మొదటి గెలాక్సీ నోట్ నుంచీ ఇదే దారి. ఇప్పటి ఎస్ పెన్ 4096 స్థాయిల్లో నొక్కుడును పట్టుకుంటుంది.

కొనేముందు అయితే పరిష్కారం తేలిక. బొమ్మలే ముఖ్యమనుకుంటే ఎస్22 నుంచి ఎస్25 వరకు ఏ అల్ట్రా అయినా తీసుకోండి, నాలుగింటిలోనూ పెన్ను లోపలే దూరుతుంది. ఎస్21 అల్ట్రా కూడా ఎస్ పెన్ తీసుకుంటుంది గానీ పెన్ను విడిగా కొనాలి, పెట్టుకోవడానికి ఫోన్‌లో చోటు లేదు. ఐఫోన్ ప్రో మ్యాక్స్ స్క్రీన్ ఎంత బాగున్నా యాపిల్ పెన్సిల్ ఏ ఐఫోన్ మీదా పనిచేయదు. బొమ్మలు వేసే ప్రోక్రియేట్ పాకెట్ యాప్ ఉంది కదా అని ఐఫోన్ కొనేవాళ్ళు అది వేలితోనో కెపాసిటివ్ పెన్నుతోనో వాడాల్సిందేనని ముందే తెలుసుకోవాలి. 2025 ఏప్రిల్‌లో మన దేశంలో 22,999 రూపాయలకి వచ్చిన మోటోరోలా ఎడ్జ్ 60 స్టైలస్‌లో పెన్ను లోపలే ఉంటుంది, ధర కూడా అల్ట్రాతో పోలిస్తే ఎంతో తక్కువ. కానీ అది ఎస్ పెన్ తరహా కాదు. నోట్స్ రాసుకోవడానికి, ఫోటో మీద గుర్తులు పెట్టడానికి, పిల్లలు రంగులు నింపడానికి చాలా బాగుంటుంది. లావు సన్నాల గీత కోసమైతే నేను తీసుకోమనను.

ఎస్ పెన్ ఉన్నా మందం మారకపోతే తప్పు యాప్‌లో ఉండొచ్చు. శాంసంగ్ నోట్స్‌లోకి వెళ్ళి ఫౌంటెన్ పెన్ లాంటి బ్రష్ తీసుకుని గీయండి. అక్కడ మందం మారితే పెన్ను బాగానే ఉన్నట్టు. ఐబిస్ పెయింట్, స్కెచ్‌బుక్ లాంటి యాప్‌లలో స్టైలస్ (పెన్ను) వాడుతున్నట్టు సెట్టింగ్స్‌లో చెప్పాల్సి రావచ్చు, ఆ తర్వాత ఆ బ్రష్ మందం నొక్కుడును బట్టి మారేలా ఉందో లేదో చూడాలి. కొన్ని బ్రష్‌లు పుట్టుకతోనే ఒకే మందం, వాటిని ఎంత నొక్కినా లాభం లేదు.

చెయ్యి ఆనిస్తే గీతలు పడుతున్నాయి, కాన్వాస్ జరిగిపోతోంది

పై పరీక్షలో చుక్క రాని పెన్నులకి ఇది తప్పదు, ఎందుకంటే అరచెయ్యి ఏదో పెన్ను ఏదో ఫోన్‌కి తేడా తెలియదు. ఉంగరం వేలు, చిటికెన వేలు మాత్రమే కప్పే చేతి తొడుగు ఆర్టిస్టుల కోసం దొరుకుతుంది, అది కొంత ఆదుకుంటుంది. అంతకంటే మంచి మార్గం లేదు. ఎస్ పెన్ వాడేవాళ్ళు మాత్రం యాప్‌లో వేలితో గీసే ఆప్షన్ ఆపేస్తే సరిపోతుంది. అప్పుడు వేళ్ళు జూమ్ చేయడానికి, పెన్ను గీయడానికి విడిపోతాయి.

నిదానంగా గీస్తే వాలు గీత అలలు అలలుగా వస్తోంది

ముగ్గులు, కలంకారీ అంచులు డిజిటల్‌గా వేసేవాళ్ళకి ఇది వెంటనే కనబడుతుంది. టచ్ స్క్రీన్ లోపల సెన్సర్లు గళ్ళగళ్ళుగా అల్లి ఉంటాయి. పెన్ను రెండు గళ్ళ మధ్యలో ఉన్నప్పుడు అది ఎక్కడుందో ఫోన్ అంచనా వేస్తుంది, ఆ అంచనా కొంచెం అటూ ఇటూ అయితే గీత వణుకుతుంది. కెపాసిటివ్ పెన్నుల్లో ఇది బాగా ఎక్కువ, ఎస్ పెన్‌లో తక్కువ.

యాప్‌లో స్టెబిలైజర్ (గీతలో వణుకు తగ్గించే సెట్టింగ్) పెంచండి, జూమ్ చేసి, కొంచెం వేగంగా, మణికట్టుతో కాకుండా మోచేయి కదిలేలా గీయండి. ఛార్జింగ్‌లో పెట్టి గీస్తుంటే ముందు వైరు తీసేయండి, నాసిరకం ఛార్జర్ల నుంచి వచ్చే విద్యుత్ అలజడి టచ్‌ని వణికిస్తుంది. వైరు తీయగానే బాగైతే మార్చాల్సింది ఛార్జర్‌నే.

స్క్రీన్‌లో ఒకచోట మాత్రం ఎస్ పెన్ పనిచేయదు, లేదా గీత తెగిపోతుంది

ఇది చూసి చాలామంది డిస్‌ప్లే పోయిందని టెన్షన్ పడిపోతారు. ముందు వెనక పౌచ్ తీసి చూడండి. ఈఎంఆర్ నడిచేదే అయస్కాంత క్షేత్రం మీద కాబట్టి దగ్గర్లో ఇంకో అయస్కాంతమో ఇనుమో ఉంటే అక్కడ పెన్ను తికమకపడుతుంది. మ్యాగ్‌సేఫ్ తరహా రింగున్న పౌచ్‌లు, అయస్కాంతంతో మూసుకునే ఫ్లిప్ కవర్లు, కారు హోల్డర్ కోసం వెనక అంటించే ఇనుప బిళ్ళ, వేలికి పట్టుకునే మ్యాగ్నెటిక్ రింగు, అన్నీ దీనికి కారణమే. పెన్ను మొరాయించే చోటు ఆకారం కూడా ఆ రింగులాగే గుండ్రంగా ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

పౌచ్ తీసి, శాంసంగ్ నోట్స్‌లో కొత్త పేజీ తెరిచి, పైనుంచి కిందికి దగ్గరదగ్గరగా అడ్డగీతలు కొట్టండి. ఎక్కడా తెగకపోతే ఫోన్ నిక్షేపంగా ఉంది, పౌచ్ మార్చండి. అయస్కాంతం లేని మామూలు సిలికాన్ పౌచ్ ఏదైనా చాలు. కారులో మ్యాగ్నెట్ హోల్డర్ కావాల్సిందే అంటే, గీసేటప్పుడు పౌచ్ తీసే అలవాటు చేసుకోండి. పౌచ్ తీసినా అదే చోట తెగుతుంటే మాత్రం లోపలి పొర దెబ్బతిని ఉండొచ్చు, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాలి.

పెన్ను ఆనకముందే గీత పడుతోంది, లేదా గీస్తుంటే కరకరమంటోంది

పెన్ను ముక్కు, అంటే నిబ్, లోపలికి ఇరుక్కుపోతే పెన్ను ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే అనుకుంటుంది. చిన్న పట్టకారుతో నిబ్‌ని నిదానంగా బయటికి లాగి, దుమ్ము తుడిచి, మళ్ళీ పెట్టండి. కరకరమంటుంటే నిబ్ అరిగింది. ఎస్ పెన్ నిబ్‌లు మార్చుకునేవే, విడిగా దొరుకుతాయి. కాగితంలా గరుగ్గా ఉండే స్క్రీన్ గార్డు వేస్తే చేతికి పట్టు బాగా దొరుకుతుంది గానీ నిబ్ త్వరగా అరుగుతుంది, పైగా ఎస్24 అల్ట్రా నుంచి వస్తున్న ప్రతిబింబాలు తగ్గించే గాజు పైన మామూలు గార్డు వేయిస్తే ఆ లాభం పోతుంది. కిటికీ పక్కనో ఆరుబయటో బొమ్మలు వేసేవాళ్ళు ఆ గాజును అలాగే ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తోంది

పవర్ సేవింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే స్క్రీన్ సెకనుకి 120 సార్లు (120 హెర్ట్జ్) మారేది 60కి పడిపోవచ్చు. అయినా తగ్గకపోతే కాన్వాస్ సైజు, లేయర్లు (బొమ్మలో ఒకదాని మీద ఒకటి వేసే పొరలు) తగ్గించండి. స్టెబిలైజర్ మరీ ఎక్కువ పెట్టుకున్నా గీత వెనకబడుతుంది.

స్క్రీన్ 6.9 అంగుళాలు, అయినా చోటు చాలట్లేదు

అంగుళాల లెక్క మూల నుంచి మూలకి. ఫోన్లు ఈ పదేళ్ళలో పొడవుగా సాగాయి, వెడల్పు పెద్దగా పెరగలేదు. పాత 16:9 ఆకారంలో 5.5 అంగుళాల స్క్రీన్ వెడల్పు దాదాపు 6.8 సెంటీమీటర్లు ఉంటే, ఎస్25 అల్ట్రా 6.9 అంగుళాల స్క్రీన్ వెడల్పు దాదాపు 7.3. తేడా అర సెంటీమీటరు. మన పోస్టుకార్డు వెడల్పు 9 సెంటీమీటర్లు, అంటే ఇంత ఖరీదైన ఫోన్‌లో మీకు దొరికేది పోస్టుకార్డు కంటే సన్నటి కాగితం. 6.7కీ 6.9కీ మధ్య ఊగిసలాడేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఆ తేడా మీ చేతికి తెలియదు, పెన్ను రకం తేడా మొదటి గీతలోనే తెలుస్తుంది.

చోటే సమస్య అయితే రెండు దారులున్నాయి. మడిచే ఫోన్ ఒకటి. గెలాక్సీ జెడ్ ఫోల్డ్6 లోపలి స్క్రీన్ 7.6 అంగుళాలే గానీ దాదాపు చతురస్రం, విప్పితే వెడల్పు 12 సెంటీమీటర్లు దాటుతుంది, వైశాల్యం అల్ట్రాకి ఒకటిన్నర రెట్లు. రెండోది ట్యాబ్లెట్. 10.4 అంగుళాల గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్‌కి ఎస్ పెన్ బాక్సులోనే వస్తుంది, వైశాల్యం అల్ట్రాకి రెండున్నర రెట్ల కంటే ఎక్కువ. ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలకి, కమీషన్ బొమ్మలు వేసేవాళ్ళకి మామూలు ఫోన్ ఒకటి, ఈ ట్యాబ్ ఒకటి తీసుకోమనే చెబుతాను. బస్సులో, క్యాంటీన్‌లో, ఎక్కడ కూర్చుంటే అక్కడ జేబులోంచి తీసి స్కెచ్ వేసుకునేవాళ్ళకి మాత్రం అల్ట్రాకి సాటి లేదు, ఆ పని ట్యాబ్ చేయలేదు.

ఫోల్డ్ కొన్నాను, ఎస్ పెన్ పనిచేయట్లేదు

ఫోల్డ్3 నుంచి ఫోల్డ్6 వరకు లోపలి స్క్రీన్ మీదే పెన్ను పనిచేస్తుంది, బయటి స్క్రీన్ మీద కాదు. పైగా నోట్, అల్ట్రాల పెన్ను దానికి పనికిరాదు. మడిచే స్క్రీన్ మెత్తన, గట్టి నిబ్ దాని మీద మచ్చ వేసేస్తుంది. నొక్కితే నిబ్ లోపలికి తగ్గే ఫోల్డ్ ఎడిషన్ ఎస్ పెన్ కావాలి, లేదా స్విచ్‌తో రెండు రకాలకీ మారే ఎస్ పెన్ ప్రో. 2025లో వచ్చిన ఫోల్డ్7 అయితే ఏ ఎస్ పెన్‌నీ తీసుకోదు, ఫోన్ పలచగా చేయడానికి ఆ పొరనే తీసేశారు. బొమ్మల కోసం ఫోల్డ్ అనుకుంటే కొత్తది కదా అని ఏడో నంబరు కొనకండి.

పెన్ను బటన్‌తో దూరం నుంచి ఫోటో తీయడం రావట్లేదంటే అది ఎస్25 అల్ట్రా అయ్యుండొచ్చు. అందులో ఎస్ పెన్‌కి బ్లూటూత్ తీసేశారు. గీయడానికి ఏ లోటూ లేదు.

డిస్‌ప్లే మార్పించాక పెన్ను పనిచేయట్లేదు

ఎస్ పెన్ పొర డిస్‌ప్లే వెనకాల ఉంటుంది. తక్కువ ధర కాంబో (టచ్, డిస్‌ప్లే కలిపి వచ్చే పార్టు) వేయించుకుంటే టచ్ పనిచేస్తుంది, వేలితో అన్నీ నడుస్తాయి, కాబట్టి షాపులో అంతా బాగుందనిపిస్తుంది, ఇంటికొచ్చి పెన్ను తీశాక తెలుస్తుంది ఆ పొర లేదనో, దాని కనెక్షన్ పెట్టలేదనో. వేయించే ముందే ఎస్ పెన్ పనిచేసే ఒరిజినల్ డిస్‌ప్లేనా అని అడగండి, డబ్బులిచ్చే ముందు అక్కడే గీసి చూడండి.

హైదరాబాద్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో ఆన్‌లైన్‌లోనో సెకండ్ హ్యాండ్ అల్ట్రా చూస్తున్నవాళ్ళకీ ఇదే. కెమెరా, బ్యాటరీ చూసేముందు పెన్ను బయటికి తీసి, చుక్క వస్తోందా, నాలుగు మూలల్లోనూ గీత తెగకుండా పడుతోందా, నొక్కితే లావు అవుతోందా చూడండి. తెల్లటి పేజీ పెట్టి ఆకుపచ్చ, గులాబీ గీతలేమైనా నిలువుగా ఉన్నాయేమో కూడా చూడండి. పెన్ను లేకుండా ఫోన్ మాత్రమే ఇస్తానంటే పెన్ను ధర తగ్గించమని అడగడంతో ఆగకండి, ఇంకో ఎస్ పెన్ తెప్పించి పరీక్షించాకే తీసుకోండి. ఎస్22, ఎస్23 అల్ట్రాలకి సెక్యూరిటీ అప్‌డేట్లు విడుదలైన ఐదేళ్ళ వరకే, ఎస్24 నుంచి ఏడేళ్ళు. 2022 నాటి ఎస్22 అల్ట్రా చవకగా కనిపించినా ఈ లెక్క వేసుకుని బేరమాడండి.