డంప్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు: కేడంప్ సమస్య - పరిష్కారం

సమస్య: లైనక్స్ సర్వర్ పానిక్ అయింది (కెర్నెల్ కోలుకోలేని తప్పుతో ఆగిపోయింది). క్రాష్ అయినప్పుడు మెమరీని ఫైల్‌గా (అదే డంప్) దాచాల్సిన కేడంప్ సర్వీస్ నడుస్తూనే ఉంది, కానీ క్రాష్ ఫోల్డర్ ఖాళీ.

ముందు /సిస్/కెర్నెల్/కెక్సెక్_క్రాష్_లోడెడ్ తెరవండి. 1 ఉండాలి. 0 ఉంటే క్యాప్చర్ కెర్నెల్ (పానిక్ తర్వాత లేచి డంప్ రాసే రెండో కెర్నెల్) అసలు మెమరీలోకి ఎక్కలేదు, ఇంకేం వెతికినా దండగ. బూట్ లైన్‌లో క్రాష్‌కెర్నెల్=256ఎం లాంటిది (దానికోసం పక్కన పెట్టే మెమరీ) రాసి రీబూట్ చేయడం మర్చిపోయి ఉంటారు. బెంగళూరులో నాకు "అన్నా, డంప్ రావట్లేదు" అని వచ్చే ఫోన్లు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. దయచేసి ఇది చూశాకే ముందుకెళ్లండి.

1 ఉండి కూడా డంప్ ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే, అది నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని సమస్య. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ల్యాబ్. సీరియల్ కన్సోల్‌లో పానిక్ ట్రేస్ (క్రాష్ వివరాల లాగ్) పడుతుంది, ఆ తర్వాత రెండో కెర్నెల్ మెసేజ్‌లు రావాల్సిన చోట బయాస్ స్క్రీన్ వచ్చేస్తుంది, అంటే మెషిన్ మొదటినుంచి బూట్ అవుతోంది. ఖాళీగా ఉన్న సీపీయూలు గాఢనిద్రలో ఉండి మాట వినడం లేదనుకుని సీ-స్టేట్‌లన్నీ (సీపీయూ నిద్ర స్థాయిలు) ఆపేశాను. ఫలితం లేదు. ఉండదు కూడా: పానిక్ అయిన సీపీయూ మిగతావాటికి ఎన్ఎంఐ (పట్టించుకోకుండా ఉండలేని ఇంటరప్ట్ సిగ్నల్) పంపుతుంది, హాల్ట్‌లో ఉన్నదైనా దానికి లేస్తుంది, తన రిజిస్టర్లు దాచి మళ్లీ ఆగిపోతుంది.

చివరికి పాత ట్రేస్‌లు పక్కపక్కన పెట్టి చూశాను. డంప్ వచ్చిన ప్రతిదాంట్లో "సీపీయూ: 0" అని ఉంది. రానివాటిలో 3, 5, 6.

కారణం అక్కడే ఉంది. డంప్ త్వరగా రాయాలని ఎవరో క్యాప్చర్ కెర్నెల్‌కి ఎన్ఆర్_సీపీయూస్=4 (నాలుగు సీపీయూలు వాడుకోమని) ఇచ్చారు. క్రాష్ సీపీయూ 3 మీద జరిగితే రెండో కెర్నెల్ దాని మీదే మొదలై, ఆగి ఉన్న మిగతావాటిని ఇనిట్ (రీసెట్ సిగ్నల్) పంపి లేపుతుంది. మామూలు సీపీయూ ఇనిట్ అందాక తర్వాతి సిగ్నల్ కోసం ఆగుతుంది. సీపీయూ 0 మాత్రం బూట్ ప్రాసెసర్, అది నేరుగా బయాస్ మొదటికి పోతుంది. మెషిన్ రీసెట్, డంప్ పోయినట్టే.

పరిష్కారం: ఎన్ఆర్_సీపీయూస్=1. చాలామందికి ఇది చాలు. మెమరీ ఎక్కువుండి నాలుగు సీపీయూలు కావాల్సిందేనంటే, /ప్రాక్/సీపీయూఇన్ఫోలో ప్రాసెసర్ 0 కింద "ఇనిషియల్ ఏపిక్ఐడి" నంబర్ (ఆ సీపీయూ హార్డ్‌వేర్ ఐడి) చూసి, క్యాప్చర్ కెర్నెల్ బూట్ లైన్‌లో డిజేబుల్_సీపీయూ_ఏపిక్ఐడికి ఇవ్వండి; అప్పుడది సీపీయూ 0ని లేపదు. కొన్ని డిస్ట్రోల స్క్రిప్టులు దీన్ని తామే చేరుస్తాయి, కొత్త కెర్నెళ్లు తామే పసిగడతాయి. చేత్తో రాసుకున్న స్క్రిప్టులతోనే చిక్కు. మార్చాక కేడంప్ సర్వీస్ రీస్టార్ట్ చేయాలి, లేకపోతే మెమరీలో పాత లైనే ఉంటుంది.

హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ (మెషిన్ ఆగిపోతే రీసెట్ చేసే టైమర్) మధ్యలో రీసెట్ చేయడం, క్రాష్ తర్వాత మెషిన్ చెక్ (హార్డ్‌వేర్ తప్పు సంకేతం) రావడం అరుదు. వాటిని చివరికి వదిలేయండి.

టెస్ట్ చేసేటప్పుడు సిస్‌ఆర్‌క్యూ క్రాష్‌ని (కావాలని పానిక్ చేసే కమాండ్) టాస్క్‌సెట్‌తో (ఏ సీపీయూ మీద నడపాలో చెప్పే టూల్) ఒకసారి సీపీయూ 0 మీద, ఇంకోసారి సీపీయూ 3 మీద నడపండి. రెండుసార్లూ డంప్ ఫైల్ కనిపించాకే ఆ సర్వర్‌ని ప్రొడక్షన్‌కి ఇవ్వండి.