ఇంటి హీట్ పంప్ నడపడం – 3వ పాఠం: చలికాలంలో ఆక్స్ హీట్‌కు (తోడు హీటర్లకు) పని తగ్గించడం

గత పాఠంలో బయటి యూనిట్, లోపలి ఎయిర్ హ్యాండ్లర్ (గదుల్లోకి గాలిని తోసే పెట్టె), రివర్సింగ్ వాల్వ్ (వేడిని మోసే రిఫ్రిజరెంట్ పారే దిశను మార్చేది) ఎక్కడెక్కడ ఉంటాయో చూశాం. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం ఏసీ బయటి యూనిట్ ముందు నిలబడితే ముఖానికి కొట్టే వేడి, ఇంట్లోంచి తోడి బయట పారబోసినదే. రివర్సింగ్ వాల్వ్ తిరిగితే అదే తోడే పని ఎదురు దిశలో సాగి, బయటి చల్లగాలిలో మిగిలి ఉన్న వేడి ఇంట్లోకి చేరుతుంది. నార్త్ కరోలినాలో ర్యాలీ, కేరీ పరిసరాల్లో కాపురముంటున్న మన కుటుంబాలను మనసులో పెట్టుకుని ఈ పాఠం రాస్తున్నాను. అక్కడ హీట్ పంప్ ఉన్న ఇళ్లు చాలా ఎక్కువ. జనవరి రాత్రులు 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి ఈ యంత్రానికి అది అనుకూలమైన ఊరు.

ముందు లెక్క తెలుసుకుందాం. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ (బీటీయూ వేడిని కొలిచే కొలత). మూడు టన్నుల యంత్రం, బయట 47 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు (ఈ పాఠంలో డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే), గంటకు సుమారు 36,000 బీటీయూల వేడిని, అంటే పదిన్నర యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని, దాదాపు మూడు యూనిట్ల కరెంటుతోనే ఇంట్లోకి తెస్తుంది. బయట 17 డిగ్రీలకు పడిపోతే తెచ్చే వేడీ తగ్గుతుంది, యూనిట్ కరెంటుకు దక్కే ఫలమూ తగ్గుతుంది. అయినా సాధారణంగా పెట్టిన కరెంటుకు రెండింతల వేడి వస్తూనే ఉంటుంది. దీనికి తోడుగా ఎయిర్ హ్యాండ్లర్‌లో హీట్ స్ట్రిప్స్ ఉంటాయి. బకెట్‌లో నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డు ఎలాంటిదో ఇవీ అలాంటివే. ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఒక యూనిట్ వేడి మాత్రమే ఇస్తాయి. 10 కిలోవాట్ల స్ట్రిప్స్ గంటసేపు వెలిగితే పది యూనిట్లు ఖర్చయినట్టే. థర్మోస్టాట్ తెర మీద ‘ఆక్స్’ అని కనిపిస్తే స్ట్రిప్స్ వెలిగాయని అర్థం.

స్ట్రిప్స్‌ను తరచుగా పిలిచేది చలి కాదు, మన చెయ్యి. మామూలు థర్మోస్టాట్ గది ఉష్ణోగ్రతకూ మనం అడిగిన ఉష్ణోగ్రతకూ మధ్య రెండు మూడు డిగ్రీల తేడా కనిపించగానే కంప్రెసర్ ఒక్కదానితో సరిపోదని తలచి ఆక్స్ హీట్‌ను పిలుస్తుంది. మా ఇంట్లో మొదటి చలికాలం అంతా ఉదయం ఆఫీసుకు వెళ్తూ 60కి దించి, సాయంత్రం రాగానే 72కి పెంచేవాళ్లం. పగలంతా ఆదా చేశామనుకున్నది ఆ ఒక్క గంటలోనే స్ట్రిప్స్ మింగేస్తున్నాయని బిల్లులు చూశాక గాని తెలియలేదు. గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇంట్లో పగలు దించి సాయంత్రం పెంచే అలవాటు మంచిదే. ఆ అలవాటును హీట్ పంప్ ఇంటికి మోసుకురావడమే పొరపాటు. 68 దగ్గర పెట్టి వదిలేయండి. రాత్రి కావాలంటే రెండు డిగ్రీలు తగ్గించండి, అంతకు మించి వద్దు. వారం రోజులు ఊరెళ్తే దించవచ్చు, కానీ తిరిగి వచ్చాక ఒక్కసారిగా కాకుండా గంటకో డిగ్రీ చొప్పున పెంచండి.

గ్రిల్ దగ్గర చెయ్యి పెట్టి, గాలి చల్లగా ఉందని థర్మోస్టాట్ పెంచేవారు కూడా ఉన్నారు. హీట్ పంప్ నుంచి వచ్చే గాలి తరచుగా 90 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. మన ఒంటి వేడికి దగ్గరగా ఉన్న గాలి చేతికి వెచ్చగా అనిపించదు. గది ఉష్ణోగ్రత నిలకడగా ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. చలి రోజున కంప్రెసర్ గంటల తరబడి ఆగకుండా నడవడం కూడా లోపం కాదు.

చల్లని, తేమగల ఉదయాల్లో బయటి యూనిట్ కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. అప్పుడు యంత్రం కొద్ది నిమిషాలు ఏసీలా తిరగబడి, ఇంట్లోని వేడితో ఆ మంచును కరిగిస్తుంది. బయటి ఫ్యాన్ ఆగిపోతుంది, పొగలాంటి ఆవిరి లేస్తుంది, ఇంట్లోకి చలిగాలి రాకుండా స్ట్రిప్స్ కాసేపు వెలుగుతాయి. దీన్నే డీఫ్రాస్ట్ అంటారు, భయపడవలసింది లేదు. అయితే కాయిల్ అంతా మందంగా గడ్డకట్టి గంటలు గడిచినా కరగకపోతే మెకానిక్‌ను పిలవాలి. కత్తితో గాని కర్రతో గాని గీకకండి, పలుచని రేకులు వంగిపోతాయి, గొట్టానికి చిల్లు పడితే రిఫ్రిజరెంట్ పోతుంది. మెకానిక్ వచ్చేదాకా ‘ఎమర్జెన్సీ హీట్’ పెట్టుకోవచ్చు. ఆ మీట కంప్రెసర్‌ను పూర్తిగా ఆపి ఇంటినంతా స్ట్రిప్స్ మీదే నడుపుతుంది కాబట్టి, బయట బాగా చలిగా ఉందని దాన్ని నొక్కడం ఎప్పుడూ చేయకండి.

థర్మోస్టాట్ ఇన్‌స్టాలర్ మెనూలో ఆక్స్ లాకౌట్ అనే అమరిక ఉంటే దాన్ని 35 డిగ్రీల దగ్గర పెట్టించండి. బయట అంతకంటే వెచ్చగా ఉన్నంతసేపూ మీరు ఎంత పెంచినా థర్మోస్టాట్ స్ట్రిప్స్‌ను పిలవదు; డీఫ్రాస్ట్‌కు మాత్రం అవి వెలుగుతాయి. ఆకులు రాలే నెలల్లో బయటి యూనిట్ చుట్టూ రెండడుగుల చోటు ఊడ్చి ఉంచండి, ఫిల్టర్‌ను నెలకోసారి వెలుతురుకు పట్టి చూడండి.

అభ్యాసం: వారం రోజులు ఉదయం ఆరు గంటలకు బయటి ఉష్ణోగ్రత, గది ఉష్ణోగ్రత, తెర మీద ‘ఆక్స్’ ఉందో లేదో, ఈ మూడూ రాయండి. స్మార్ట్ మీటరు ఉంటే ఆ గంట యూనిట్లు కూడా చేర్చండి. థర్మోస్టాట్‌ను ముట్టుకోని రోజుల్లో, డీఫ్రాస్ట్ సమయం కాకుండా, ఏ బయటి ఉష్ణోగ్రత దగ్గర ‘ఆక్స్’ మొదటిసారి కనిపించిందో గుండ్రం చుట్టండి. మీ ఇంటి బ్యాలెన్స్ పాయింట్, అంటే స్ట్రిప్స్ సాయం లేకుండా కంప్రెసర్ ఒక్కటే ఇంటిని వెచ్చగా ఉంచగలిగే అతి తక్కువ బయటి ఉష్ణోగ్రత, దాదాపు అక్కడే ఉంటుంది. లాకౌట్ ముందే పెట్టించి ఉంటే ఈ వారం దాన్ని తీసేయండి, లేకపోతే అంకె తప్పు వస్తుంది. 4వ పాఠంలో ఇంటి గాలి సందులు మూసి ఆ అంకెను ఎంత కిందికి దించవచ్చో చూస్తాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.