కౌమార బాలికల ఆహారపు అలవాట్లలో జాతి భేదాలను పరిశీలించే పద్ధతి

అమెరికా పాఠశాలల్లో కౌమార బాలికల ఆహారపు అలవాట్లను, బరువు విషయంలో వారి ప్రవర్తనను జాతి సముదాయాల వారీగా పోల్చదలచిన కౌన్సెలర్లు, ఆరోగ్య కార్యకర్తలు తాము దేన్ని కొలవబోతున్నారో ముందుగా తేల్చుకోవాలి. శరీరం పట్ల అసంతృప్తి, డైటింగ్, భోజనం మానేయడం, అదుపు తప్పి అతిగా తినడం, తిన్నది బలవంతంగా కక్కివేయడం, విరేచనాల మందులు మింగడం వేర్వేరు సంగతులు. ఒకదానిలో కనిపించిన తేడా మరొకదానిలో ఉండకపోవచ్చు. శ్వేతజాతి బాలికలకంటే నల్లజాతి బాలికలు తమ శరీరం పట్ల ఎక్కువ తృప్తితో ఉంటారని అక్కడి అధ్యయనాలు పదేపదే చెప్పాయి. అంతమాత్రాన వారిలో తిండికి సంబంధించిన రుగ్మతలు ఉండవనుకోవడానికి వీల్లేదు.

కొలిచే సాధనాన్ని బట్టి జవాబు ఎలా మారుతుందో అమెరికా ప్రభుత్వ గుండె, ఊపిరితిత్తులు, రక్త సంబంధ పరిశోధన సంస్థ (ఎన్‌హెచ్‌ఎల్‌బీఐ) 1987లో మొదలుపెట్టిన గ్రోత్ అండ్ హెల్త్ స్టడీలో స్పష్టంగా కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్, ఒహాయోలోని సిన్సినాటి, వాషింగ్టన్ డీసీ ప్రాంతాల నుంచి తొమ్మిది, పదేళ్ల వయసున్న 2,379 మంది నల్లజాతి, శ్వేతజాతి బాలికలను ఎంచుకుని పదేళ్లపాటు గమనించారు. వీరిలో ఎక్కువమందిని యువతులయ్యాక ముఖాముఖి ప్రశ్నించగా, బులీమియా (అదుపు తప్పి అతిగా తిని, బరువు పెరగకుండా కక్కివేయడం వంటివి చేసే రుగ్మత) శ్వేతజాతివారిలో 2.3 శాతం, నల్లజాతివారిలో 0.4 శాతం ఉన్నట్టు 2003లో ప్రచురించారు. అయితే అదే బాలికలు పెరిగే వయసులో నింపిన ప్రశ్నావళులను తర్వాత ఆర్థికవేత్తలు విశ్లేషించినప్పుడు, బులీమియా తరహా ప్రవర్తన నల్లజాతి బాలికలలోనూ, తక్కువ ఆదాయమున్న కుటుంబాలలోనూ ఎక్కువని తేలింది. అందువల్ల నివేదికలో శాతం రాసిన ప్రతిచోటా ఏ సాధనంతో, ఏ వయసులో కొలిచారో కూడా రాయడం తప్పనిసరి.

జాతి వివరాన్ని బాలికే స్వయంగా చెప్పాలి. ఒకటికి మించి గుర్తించే వీలుండాలి. ‘ఆసియా’ అనే ఒక్క గడిలో మిన్నెసోటాలో ఆగ్నేయాసియా నుంచి వచ్చిన హ్మాంగ్ తెగ కుటుంబపు అమ్మాయినీ, కాలిఫోర్నియాలోని చైనా మూలాల అమ్మాయినీ కలిపేస్తే వచ్చే సగటు ఇద్దరిలో ఎవరికీ సరిపోదు. కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు, ఇంట్లో తిండికి కొరత ఉందా అన్నవి కూడా అడగకపోతే, పేదరికం వల్ల వచ్చిన తేడా జాతి ఖాతాలో పడుతుంది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే తరచుగా జరిగే తప్పు ఇదే.

ప్రశ్నావళి స్కోరును ఎప్పుడూ తుది మాటగా తీసుకోకూడదు. కెనడాలో రూపొంది 1982లో వెలువడిన ఈట్-26 అనే, తిండి పట్ల వైఖరిని అడిగే 26 అంశాల ప్రశ్నావళిలో 20 లేదా అంతకుమించి వస్తే ఆ వ్యక్తిని నిపుణులతో పరీక్ష చేయించాలంటారు. అందులో తిండి గురించిన ఆలోచనలు మనసును ఎంతగా ఆక్రమిస్తున్నాయో అడిగే ప్రశ్న ఒకటుంది. దానికి ‘ఎల్లప్పుడూ’ అని గుర్తు పెట్టిన అమ్మాయి లావవుతానన్న భయంతో అలా రాసి ఉండవచ్చు, లేదా రాత్రి అన్నం దొరుకుతుందో లేదో తెలియక రాసి ఉండవచ్చు; ఆ కాగితం మీద రెండింటికీ ఒకటే మార్కు. దక్షిణాఫ్రికాలో ఎక్కువ స్కోరు వచ్చిన నల్లజాతి విద్యార్థులను తిరిగి కలిసి మాట్లాడినప్పుడు, కొందరి విషయంలో అసలు కారణం ఆకలేనని బయటపడింది. కాబట్టి స్కోరు ఎక్కువ వచ్చిన ప్రతి బాలికనూ విడిగా కూర్చోబెట్టి, నిన్న చివరిసారి ఎప్పుడు తిన్నదీ, ఇంట్లో ఏమున్నదీ, తినకపోతే ఎందుకు తినలేదో నెమ్మదిగా అడగాలి. రంజాన్ ఉపవాసం ఉన్న అమ్మాయిని డైటింగ్ జాబితాలో చేర్చకూడదు, కానీ సూర్యాస్తమయం తర్వాత ఆమె ఎలా తింటుందో తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే ఉపవాసం మాటున రుగ్మత దాగే అవకాశమూ ఉంది.

బరువు కొలతలో గందరగోళానికి తావివ్వకూడదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2000లో ఇచ్చిన పెరుగుదల పట్టికలలో, అదే వయసు పిల్లలతో పోల్చి తక్కువ బరువు, అధిక బరువు, స్థూలకాయం తేల్చే 5, 85, 95 పర్సంటైల్ గీతలు అన్ని జాతులకూ ఒకటే. ఆసియావాసుల విషయంలో వినిపించే 23 బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు సూచిక) హద్దు పెద్దలది. దాన్ని పన్నెండేళ్ల పిల్లకు వర్తింపజేయరాదు. అమెరికాలో నల్లజాతి బాలికలకు యవ్వన లక్షణాలు సగటున ముందుగా మొదలవుతాయి గనుక, వయసుతోపాటు శారీరక పరిణతి దశను కూడా నమోదు చేయాలి. కొలత తీసేటప్పుడు అంకెను పైకి చదవకూడదు.

కొన్ని లక్షణాలకు జాతితో పని లేదు. బరువు వేగంగా తగ్గడం, నెలసరి ఆగిపోవడం, స్పృహ తప్పడం, భోజనం కాగానే ప్రతిసారీ బాత్‌రూమ్‌కు వెళ్లడం కనిపిస్తే సర్వే ముగిసేదాకా ఆగకుండా వైద్యుల వద్దకు పంపాలి. 2006 నాటి ఒక అధ్యయనంలో చికిత్సకులకు ఒకే అమ్మాయి దినచర్యను జాతి మాత్రమే మార్చి చదవనిచ్చినప్పుడు, ఆమె శ్వేతజాతి అనుకున్నవారిలో సుమారు 44 శాతం, హిస్పానిక్ (లాటిన్ అమెరికా లేదా స్పెయిన్ మూలాలున్న అమ్మాయి) అనుకున్నవారిలో 41 శాతం ఆమె తిండి తీరును సమస్యగా గుర్తించగా, నల్లజాతి అనుకున్నవారిలో 17 శాతమే గుర్తించారు. అందుకే వైద్యుల వద్దకు ఎవరిని పంపాలో తేల్చే సిబ్బందికి ఇచ్చే తొలి నివేదికలో బాలిక పేరునూ, జాతినీ తీసివేసి, లక్షణాలను మాత్రమే ఉంచడం మేలు.