ఏడో నెల రాకముందే నడుము సంగతి చూసుకోవాలి

నెల తప్పిన దగ్గర్నుంచి ఐరన్ మాత్రలు, స్కాన్లు, తినాల్సినవి, తినకూడనివి అన్నీ చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు. నడుము నొప్పి దగ్గరికొచ్చేసరికి మాత్రం "కడుపుతో ఉన్నప్పుడు మామూలేలే" అనేస్తారు. దాదాపు సగం మంది గర్భిణులకు వస్తుంది కాబట్టి మామూలే. కానీ ఓర్చుకుంటూ కూర్చుంటే తొమ్మిదో నెలకు మంచం మీద పక్కకు తిరగడం కూడా కష్టమైపోతుంది. నొప్పి ఎక్కువగా 5 నుంచి 7 నెలల మధ్య మొదలవుతుంది. అందుకే నాలుగో నెల చివర్లో, ఒళ్లు ఇంకా తేలిగ్గా ఉన్నప్పుడే కదలికలు నేర్చుకోవాలి.

పొట్ట పెరిగేకొద్దీ బరువు ముందుకు పోతుంది. నిలదొక్కుకోవడానికి శరీరం వెనక్కి వాలుతుంది, నడుము వంపు లోతవుతుంది. నడుమును ముందు నుంచి పట్టి ఉంచే పొట్ట కండరాలు సాగి బలం తగ్గుతాయి. ప్రసవానికి దారి ఇవ్వడం కోసం రిలాక్సిన్ వంటి హార్మోన్లు కటి (తుంటి ఎముకల గూడు) కీళ్లను పట్టి ఉంచే బంధనాలను వదులు చేస్తాయి. ఈ మూడూ కలిసి పనిచేస్తున్నప్పుడు ఒక్క మాత్రతోనో, ఒక్క బెల్టుతోనో నొప్పి పోదు.

ముందు మీది ఏ నొప్పో తేల్చుకోండి. నొప్పి ఎక్కడో చూపించమంటే అరచేయి నడుము మీద అడ్డంగా పడుతోందా? ఎక్కువసేపు నిలబడితే, కూర్చుంటే పెరుగుతోందా? అది నడుము నొప్పి. అలా కాకుండా వేలు నేరుగా పిరుదుల పైన ఉండే గుంట మీదికో, ముందు జఘనాస్థి (పొత్తికడుపు కింద మధ్యలో తగిలే ఎముక) మీదికో పోతే, పక్క మీద తిరిగినప్పుడు, మెట్లెక్కేటప్పుడు, ఒంటికాలి మీద నిలబడి లెగ్గింగ్ వేసుకునేటప్పుడు కలుక్కుమంటే అది కటి కీళ్ల నొప్పి. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు. ఈ తేడా తెలియాలి, ఎందుకంటే మొదటి రకానికి మేలు చేసే కొన్ని వ్యాయామాలు రెండో రకాన్ని పెంచుతాయి. "గర్భిణులందరికీ" అంటూ వీడియోల్లో చూపించే బటర్‌ఫ్లై (అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకు వాల్చి కూర్చోవడం), కాళ్లు బాగా ఎడం పెట్టి కిందికి కూర్చునే మాలాసనం ఇలాంటివే. కటి కీళ్ల నొప్పి ఉంటే వీటిని ఆపేయండి.

ఏ వ్యాయామమైనా మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాలి. మాయ కిందికి ఉన్నా, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినా, ఉమ్మనీరు లీకవుతున్నా, బీపీ ఎక్కువున్నా, రక్తం బాగా తక్కువున్నా కింద చెప్పినవేవీ సొంతంగా చేయకూడదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఉచిత పరీక్షలుంటాయి. "నేను వ్యాయామం చేయొచ్చా?" అని అక్కడే అడిగేయవచ్చు.

వ్యాయామాల కన్నా ముందు లేవడం, తిరగడం మార్చుకోండి. సగం నొప్పి తెచ్చిపెట్టేవి ఇవే. పక్క మీద తిరగాలంటే ముందు రెండు మోకాళ్లూ మడిచి, మధ్యలో దిండు పెట్టి గట్టిగా నొక్కండి. ఊపిరి వదులుతూ పొత్తికడుపును కొద్దిగా లోపలికి తీసుకుని, భుజాలు, మోకాళ్లు ఒకేసారి తిప్పండి. పైభాగం ముందు తిరిగి కాళ్లు తర్వాత వస్తే కటి కీలు మెలిపడుతుంది. నూలు నైటీ, నూలు దుప్పటి ఒకదాన్నొకటి పట్టేస్తాయి. నడుము కింద జారే శాటిన్ గుడ్డ పరుచుకుంటే తిరగడం తేలిక. లేచేటప్పుడు వెల్లకిలా పడుకున్నచోట నుంచి ఒక్కసారిగా లేవకండి. అలా లేస్తే పొట్ట మధ్యలో నిలువుగా గట్టు పొంగుతుంది, సాగిన కండరాలు ఇంకా విడిపోతాయి. పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి జార్చి, మోచేత్తో, అరచేత్తో నొక్కుకుంటూ లేవండి.

నులకమంచం మధ్యలో కుంగుతుంది కనుక ఈ నెలల్లో దానికి దూరంగా ఉండండి. నేల మీద పడుకోవడంలో తప్పులేదు గానీ లేవడమే చిక్కు. ఆరో నెల దాటాక మంచమే మేలు. 28 వారాల తర్వాత పక్కకు తిరిగే నిద్రపోవాలి, ఎటువైపైనా ఫర్వాలేదు. మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట కింద మడిచిన దుప్పటి పెట్టుకోవాలి. మోకాళ్ల మధ్య ఉన్న దిండు చీలమండల దాకా అందాలి. పొట్టి దిండైతే పాదం కిందికి వేలాడి తుంటి తిరిగిపోతుంది.

వ్యాయామాలు నాలుగు చాలు, రోజూ చేస్తే.

మొదటిది గోడకు ఆనుకుని. మడమలు గోడకు అర అడుగు దూరంలో, మోకాళ్లు కొద్దిగా వంచి ఉంచండి. నడుముకూ గోడకూ మధ్య ఉన్న సందును ఊపిరి వదులుతూ మూసేయండి. 5 సెకన్లు ఉంచి వదలండి, 10 సార్లు. ఊపిరి బిగబడితే తప్పు చేస్తున్నట్టే.

రెండోది చేతులు, మోకాళ్ల మీద. మణికట్లు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద ఉండాలి. వీపును పైకి గుండ్రంగా లేపి, తిరిగి సమానంగా తీసుకురండి, 8 నుంచి 10 సార్లు. ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు: వీపును కిందికి పూర్తిగా వదిలేస్తారు. పొట్ట బరువుకు నడుము వేలాడి మర్నాడు నొప్పి పెరుగుతుంది. మణికట్టు నొస్తే మంచం అంచు మీద మోచేతులు ఆనించి చేయండి.

మూడోది కూర్చునో, పక్కకు పడుకునో చేసేది: మోకాళ్ల మధ్య దిండును 5 సెకన్లు నొక్కి వదలడం, 10 సార్లు. నొక్కుతున్నప్పుడు ముందు ఎముక దగ్గర నొప్పి వస్తే బలం సగానికి తగ్గించండి.

నాలుగోది కటి అడుగు కండరాలకు. మూత్రం, గ్యాస్ రెండూ ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి 5 సెకన్లు ఉంచాలి, అంతే సమయం వదిలేయాలి. 10 సార్లు, రోజుకు మూడు పూటలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకండి.

వీటితోపాటు నడక. వారానికి 150 నిమిషాలు గురి, ఒకేసారి అరగంట కుదరకపోతే 10 నిమిషాల చొప్పున మూడుసార్లు. నడుస్తూ మాట్లాడగలగాలి. నడిచిన రోజు రాత్రి కటి నొప్పి ఎక్కువైతే దూరం కాదు, ముందు అడుగు పొడవు తగ్గించి చూడండి.

ఇంటిపనుల్లో వంగి చిన్న చీపురుతో ఊడవడం, ముగ్గు వేయడం, బట్టలు ఉతకడం, చంకన బిందె మోయడం, ఈ నాలుగే నడుమును తినేస్తాయి. "వంగి పనిచేస్తే సుఖప్రసవం అవుతుంది" అని పెద్దవాళ్లు అంటారు. నడిస్తే మంచిదే, వంగి మెలితిరిగితే ఆ సుఖమేమీ రాదు. పొడుగు కర్ర చీపురు, మాపు వాడండి. బట్టల బకెట్‌ను స్టూలు మీద పెట్టండి. నీళ్లు సగం బకెట్లుగా తెచ్చుకోండి. కత్తిపీట ముందు కూర్చోవడం మాని బల్ల దగ్గర చాకుతో తరగండి. వ్రతానికో సీమంతానికో గంటలకొద్దీ పీట మీద కూర్చోవాల్సి వస్తే వెనక దిండు, ప్రతి 20 నిమిషాలకు ఒకసారి లేవడం. బైకు మీద ఒకవైపుకి కూర్చోవడం కటి కీళ్లకు బాగా చెడ్డది. ఆటో, కారు దిగేటప్పుడు ముందు రెండు కాళ్లూ కలిపి బయటికి తిప్పి, తర్వాత లేవండి.

బెల్టు కొనేముందు చిన్న పరీక్ష. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడవకుండా జానెడెత్తు లేపండి. బరువుగా అనిపించిందా? ఇప్పుడు ఇంకొకరు రెండువైపులా తుంటిని చేతులతో లోపలికి నొక్కి పట్టుకోగా మళ్లీ లేపండి. తేలికైతే బెల్టు పనికొస్తుంది. (నిమిషంలో ముగించండి. 20 వారాల తర్వాత ఎక్కువసేపు వెల్లకిలా ఉంటే పెద్ద రక్తనాళం నొక్కుకుపోయి తల తిరుగుతుంది.) బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద తుంటి ఎముకల చుట్టూ రావాలి. నడిచేటప్పుడు, పనిలో ఉన్నప్పుడు రెండు మూడు గంటలు పెట్టుకుని తీసేయండి. పడుకునేటప్పుడు వద్దు.

ఫిజియోథెరపీ సెంటర్‌లో అడుగుపెట్టగానే గర్భిణి అని, ఎన్నో నెలో చెప్పండి. నడుము నొప్పి అనగానే అందరికీ ఇచ్చే వరస ఒకటి చాలాచోట్ల ఉంటుంది: ఐఎఫ్‌టీ (కరెంటు తరంగాలు పెట్టడం), అల్ట్రాసౌండ్, ట్రాక్షన్ (నడుమును లాగి ఉంచడం). గర్భిణి నడుముకు వీటిలో ఏదీ వద్దు, లోతుగా వేడిచేసే షార్ట్‌వేవ్ డయాథెర్మీ అసలే వద్దు. ఈ అల్ట్రాసౌండ్ స్కానింగ్ లాంటిది కాదు, కణజాలాన్ని వేడిచేసేది. నడుము "టక్" మనిపించే బలమైన విరుపులు, వీపు మీద పిల్లలతో తొక్కించుకోవడం కూడా మానేయాలి. మర్దన కావాలంటే పక్కకు పడుకుని, తేలిగ్గా. వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి నడుము మీద 10, 15 నిమిషాలు పెట్టుకోవచ్చు, పొట్ట మీద పెట్టకూడదు, దాంతో నిద్రపోకూడదు.

మెడికల్ షాపులో "నడుము నొప్పికి" అని అడిగి మాత్రలు తెచ్చుకోవద్దు. ఇచ్చే వాటిలో చాలావరకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఉంటాయి. 20 వారాల తర్వాత ఇవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గిస్తాయి, చివరి నెలల్లో బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదముంది. అవే మందులున్న జెల్, స్ప్రే కూడా డాక్టర్‌ను అడిగాకే.

కింది వాటిలో ఏది కనిపించినా వ్యాయామం కాదు, ఆసుపత్రి. 37 వారాలు నిండకముందే నడుము నొప్పి అలలా వస్తూ పోతూ ఉండటం, రక్తం కనిపించడం, నీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం. చలిజ్వరంతోపాటు ఒకపక్క నడుము నొప్పి, మూత్రంలో మంట ఉంటే కిడ్నీ ఇన్ఫెక్షన్ కావచ్చు. తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం ఆగకపోవడం లేదా రాకపోవడం, పాదం ఎత్తలేకపోవడం నరం నొక్కుకుపోయిందనడానికి గుర్తులు, తెల్లారేదాకా ఆగకూడదు. ఒక పిక్క మాత్రమే వాచి నొస్తుంటే దాన్ని మర్దించకండి, అది రక్తం గడ్డ కావచ్చు. వాహనం దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.